మా ఇంట్లో అందరికీ అంతే

సింహాచలం మెట్లు ఏటా ఎక్కేదాన్ని. 2023లో యాభై మెట్లు కూడా ఎక్కకుండానే కూలబడిపోయాను. ఆయాసం, కళ్లు తిరగడం. నాకప్పుడు 42 ఏళ్లు. అమ్మకి ఫోన్ చేస్తే, "మన ఇంట్లో ఆడవాళ్లందరికీ రక్తం తక్కువేనే" అంది.

అప్పటికే రెండేళ్లుగా మా వీధి చివర క్లినిక్‌లో రాసిచ్చిన ఐరన్ సిరప్ తాగుతున్నాను. పైన బీట్‌రూట్ జ్యూసు. రక్తం ఎందుకు తగ్గిందో అక్కడ ఒక్కరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటుంది. రోజుకి నాలుగైదుసార్లు వంటింట్లోకి వెళ్లి గుప్పెడు పచ్చి బియ్యం నమిలేదాన్ని. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. రక్తం డాక్టరుకి చూపించుకోమన్నారు. జగదాంబ దగ్గర ఆ డాక్టరు బోర్డు మీద ‘రక్త, క్యాన్సర్ వ్యాధుల నిపుణులు’ అని చదవగానే కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

కూర్చోగానే అడిగేశాను, "నాకు బ్లడ్ క్యాన్సరా డాక్టరుగారూ?" అని.

ఆవిడ రిపోర్టు నా వైపు తిప్పి చూపించారు. "తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు బాగున్నాయమ్మా. ఎర్ర కణాలే చిన్నవైపోయాయి. ఇది ఇనుము తగ్గినప్పుడు కనిపించే తీరు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేస్తే తేలిపోతుంది. బియ్యం, మట్టి, ఐసు ఇలాంటివి తినాలనిపిస్తోందా?"

అక్కడే ఏడ్చేశాను. అది నా బలహీనత కాదని, జబ్బు లక్షణమని అప్పటిదాకా నాకు తెలీదు.

ఫెరిటిన్ 4 వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వ దాదాపు అయిపోయిందన్నమాట. బీట్‌రూట్ గురించి అడిగితే, ఎర్రగా ఉంటుందే గానీ అందులో ఇనుము తక్కువేనన్నారు. తర్వాత ఆవిడ చెప్పిన లెక్క నా కళ్లు తెరిపించింది. రోజంతా తిన్న తిండిలోంచి ఒంటికి పట్టే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. రెండు మిల్లీలీటర్ల రక్తం పోతే సుమారు ఒక మిల్లీగ్రాము పోయినట్టే. "నెలసరి ఎన్ని రోజులమ్మా? గడ్డలు పడతాయా? రాత్రిళ్లు లేచి ప్యాడ్ మార్చుకుంటావా?"

ఎనిమిది రోజులు. గడ్డలు పడతాయి. రాత్రి రెండుసార్లు లేస్తాను. "మా ఇంట్లో అందరికీ అంతేనండీ" అన్నాను.

"అందరికీ అంతే అంటే అందరికీ జబ్బుందని" అన్నారావిడ మెల్లగా.

స్కానింగులో గర్భసంచిలో ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని కండర గడ్డ, కనిపించింది. మా ఆడపడుచు సంచి తీయించేసుకోమంది. మా వైపు చాలామందికి మొదట వచ్చే మాట అదే, నాకది నచ్చదు. గైనకాలజిస్టు ముందు గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ వేసి చూద్దామన్నారు. రక్తస్రావం బాగా తగ్గింది. ఆపరేషన్ అవసరం పడలేదు.

ఇనుమును సెలైన్‌లో కలిపి వారం తేడాతో రెండుసార్లు ఎక్కించారు. ఆ రోజు పక్క మంచం మీద ఓ పెద్దాయన. రక్తం ఎక్కించి పంపేయమని ఆయన కొడుకు అడుగుతున్నాడు. డాక్టరుగారు ఒప్పుకోలేదు. "మగవాళ్లకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి ఇనుము తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడాలి బాబూ. పుండు కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. కారణం వెతక్కుండా మందిస్తే దాన్ని దాచిపెట్టినట్టే."

పది రోజుల్లో బియ్యం మీదికి మనసు పోవడం మానేసింది. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 12.1.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికీ పరీక్ష చేయించాను. ఫెరిటిన్ 9. రోజు విడిచి రోజు పరగడుపున నిమ్మరసంతో ఐరన్ మాత్ర వేసుకుంటోంది. టీ గంట తర్వాతే. విరేచనం నల్లగా వస్తే మాత్ర వల్లేనని, భయపడొద్దని ముందే చెప్పి ఉంచాను.

పెద్దాయన కొడుకుతో డాక్టరుగారు అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. అమ్మకి 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతోంది, వాటితో కడుపులో పుండు పడొచ్చు. బతిమాలి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. సోమవారం పొద్దున్న ఎండోస్కోపీ, గొట్టంతో కడుపు లోపల చూస్తారు. ఏమీ తినకుండా రావాలన్నారని, శ్రీకాకుళం నుంచి ఆదివారమే బస్సెక్కుతోంది.