రాజుగారికి అక్కడ మాటల్లేవు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున చింతకాయలు దంచి ఊరగాయ జాడీలోకి ఎత్తాను. పది గంటలకు పిల్లల నాటకం రిహార్సల్‌కు వెళ్లాను. కిరీటాలకు బంగారు కాగితం అంటించడం, పంచెలకు అంచులు కుట్టడం నా వంతు పని.

ఈసారి ధ్రువుడి కథ వేస్తున్నారు. ఆదిభట్ల నారాయణదాసు గారు 1883లో కట్టిన తొలి హరికథ ఇదేననీ, విజయనగరం పిల్లలు మొదట ఆడవలసిన కథ ఇదేననీ మాస్టారి పట్టుదల. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారే మొదటి ప్రిన్సిపాల్ అని కూడా చెబుతారు. ఆ మాట వచ్చినప్పుడల్లా మాస్టారు కుర్చీలో నిటారుగా సర్దుకుంటారు.

ధ్రువుడి వేషం వేసేవాడికి తొమ్మిదేళ్లు. చూస్తే ఆరేళ్ల పిల్లవాడిలా ఉంటాడు. అమ్మానాన్నలు చెన్నైలో భవనాల పనికి వెళ్లారు, వాడు మేనమామ ఇంట్లో ఉంటున్నాడు. ఈ రోజు సింహాసనం ఘట్టం. రాజు ఉత్తానపాదుడి ఒళ్లో చిన్నభార్య సురుచి కొడుకు ఉత్తముడు కూర్చుని ఉంటాడు. ధ్రువుడు ఎక్కబోతాడు. సురుచి చెయ్యి పట్టి లాగి, ఆ చోటు కావాలంటే నా కడుపున పుట్టాల్సింది అంటుంది. సురుచి వేషం వేసిన అమ్మాయి చక్కగా గద్దించింది. ఇక వీడు ఏడుస్తూ తల్లి సునీతి దగ్గరికి పరుగెత్తాలి. వీడు కదలలేదు. సురుచి వైపు చూడనైనా లేదు. రాజు ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"పరుగెత్తరా!" అన్నారు మాస్టారు.

"నాన్నగారు ఏమీ అనరా, మాస్టారూ?"

"అక్కడ రాజుగారికి మాటల్లేవు."

రాజు వేషం వేసిన తొమ్మిదో తరగతి కుర్రవాడు తల దించుకున్నాడు. నా చేతిలో జిగురు ఎండిపోతోంది.

ఇన్నేళ్లుగా ఈ కథ వింటూ నేను సురుచినే తిట్టుకున్నాను. కానీ భాగవతంలో సురుచి నోరు విప్పకముందే, ఎక్కబోయిన కొడుకును రాజు ఆదరించలేదు. ఆవిడ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాడు. ఆ పిల్లవాడు నిజానికి ఎదిరించింది ఆ ఊరుకోవడాన్ని అని ఈ రోజు అనిపించింది. అయిదేళ్లవాడు ఇల్లు విడిచి యమున ఒడ్డున మధువనానికి వెళ్లాడు. మొదటి నెల మూడు రోజులకొకసారి వెలగపండో రేగుపండో తిని ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనం చేస్తుంటే మా మరిది కూతురు గుర్తొచ్చింది. తల్లి లేని పిల్ల. ఒక ఏడాది పైడితల్లమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలందరూ మా ఇంట్లో దిగారు. పూజారి కూర్చున్న పొడవాటి మానును ఆ రోజు గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. సిరిమాను కోట వైపు వెళ్లేటప్పుడు చూడడానికి పిల్లలందరినీ డాబా మీదికి ఎక్కించారు. ఆ పిల్లను మాత్రం మా అత్తగారు, పాలు పొంగిపోతాయి, నువ్వు పొయ్యి దగ్గర ఉండు అన్నారు. నా కొడుకు నా ఒళ్లో ఉన్నాడు. పాలు నేను చూసుకుంటాను, దాన్ని రానివ్వండి అంటే సరిపోయేది. అనలేదు. కొత్త చీర, చుట్టాలు, ఎందుకొచ్చిన మాట అనుకున్నాను. పిల్ల పొయ్యి ఆర్పేసి, పాలగిన్నె మీద మూత పెట్టి, ఆ జనంలోకి ఒక్కతే వెళ్లిపోయింది. చీకటి పడేవరకు వెతికాం. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎవరిదో అరుగు మీద కూర్చుని కనిపించింది. పెద్దలందరూ చుట్టూ చేరి తిట్టారు. "చూడాలనిపించింది, చూశాను. మూడుసార్లూ చూశాను" అంది, కళ్లు దించకుండా. అప్పుడు కూడా నేను పక్కనే ఉన్నాను. పాలు పొంగలేదని కూడా ఎవరికీ చెప్పలేదు.

అన్నం సయించలేదు. చెయ్యి కడిగేసుకున్నాను.

సాయంత్రం అందరి పిల్లల కోసం ఎవరో ఒకరు వచ్చారు. వాడి కోసం ఎవరూ రాలేదు. నాలుగు జంతికలు చేతిలో పెట్టి, నేనే తీసుకెళ్లాను. అయ్యకోనేరు గట్టు మీద చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"మామ్మగారూ, ధ్రువుడు అడవిలో ఎన్నాళ్లు ఉన్నాడు?"

"ఆరు నెలలు."

"ఎవరూ వెతకలేదా?"

"రాజుగారు చాలా బాధపడ్డారు నాన్నా. పిల్లవాణ్ణి తోడేళ్లు తినేస్తాయేమోనని నారదులవారి దగ్గర ఏడ్చారు. నారదులవారు భయం లేదని చెప్పారు."

"బాధపడ్డారు సరే. వెళ్లారా?"

తిరిగి వస్తున్నాడని తెలిశాక రథం మీద ఎదురు వెళ్లి గుండెలకు హత్తుకున్నాడు కదా, అది చెబుదామనుకున్నాను. వాడు అడిగింది అది కాదు.

"వెళ్లలేదు" అన్నాను.

వాడు తల ఊపాడు. మిగిలిన రెండు జంతికలూ జేబులో వేసుకున్నాడు. వాళ్ల గుమ్మం చీకటిగా ఉంది. తలుపు తెరిచేవరకు అక్కడే నిలబడ్డాను.

ఇంటికి రాగానే మాస్టారికి ఫోను చేశాను. ఆ ఘట్టంలో రాజుకు ఒక్క మాటైనా రాయమన్నాను. "పురాణంలో లేనిది ఎలా రాస్తానమ్మా?" అన్నారు. మాట వద్దు, పిల్లవాడు వెళ్లిపోతుంటే సింహాసనం మీద నుంచి లేచి రెండడుగులు వేయించండి అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. రేపు వేయించి చూద్దాం అన్నారు.

రాజుగారి పంచె నేలకు జీరాడుతోంది. లేచి నడవాలంటే కాళ్లకు తగులుకుంటుంది. పొద్దున్నే కుట్టు విప్పి రెండంగుళాలు పైకి మడవాలి.