సైరన్ పనిచేస్తుందా?

2020 జూన్. లాక్‌డౌన్ సడలించి కర్మాగారాలు మళ్లీ తెరుచుకున్న రోజులు. విశాఖపట్నంలో దువ్వాడ వైపు ఒక చిన్న కర్మాగారంలో సిబ్బంది వ్యవహారాలు చూసేదాన్ని. “పనికి వస్తున్నవాళ్లకు ఇక్కడ భద్రంగా ఉన్నామన్న నమ్మకం ఉందో లేదో కనుక్కోండమ్మా” అన్నారు మేనేజరు గారు. పది ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేశాను. ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె చుట్టూ సున్నా చుట్టాలి; ఐదంటే పూర్తి నమ్మకం. సూపర్‌వైజర్లే పంచారు, వాళ్లే పోగుచేసి తెచ్చారు. సగటు 4.6 వచ్చింది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. వేలిముద్ర యంత్రం ఆపేసి గేటు దగ్గర రిజిస్టరు పెట్టాం కానీ, దారంతో కట్టిన పెన్ను ఒక్కటే. ప్యాకింగులో పనిచేసే ఒకావిడ చీర కొంగు వేళ్లకు చుట్టుకుని ఆ పెన్ను పట్టుకునేది. సంతకం కాగానే ఆ కొంగును ఒంటికి తగలనీయకుండా చేత్తో ఎడంగా పట్టుకుని కుళాయి దాకా నడిచేది. ఆవిడ కాగితం తీసి చూస్తే అన్నిటికీ ఐదే. ఆ కాగితం ఆవిడదని నాకెలా తెలిసింది? పైన టోకెన్ నంబరు రాయించింది నేనే కదా! ఆ నంబరు ఉన్నంతసేపూ ఎవరు మాత్రం రెండు చుడతారు?

‘భద్రతా వాతావరణాన్ని’, అంటే పనిచోట భద్రత గురించి కార్మికులకున్న అభిప్రాయాన్ని, కొలవడానికి 1980లో డోవ్ జోహార్ అనే పరిశోధకుడు ఇజ్రాయెల్ కర్మాగారాల్లో 40 ప్రశ్నలు వాడాడు. యాజమాన్యం భద్రతను నిజంగా పట్టించుకుంటోందని కార్మికులు అనుకుంటున్నారా అన్నది అందులో ముఖ్యమైన అంశం. నా పది ప్రశ్నల్లో అదే లేదు. అన్నీ మాస్కులు, శానిటైజర్ల గురించే.

రెండోసారి నంబరు తీసేశాను. క్యాంటీను పక్కన తాళం వేసిన పెట్టె పెట్టి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. ‘జ్వరంగా ఉందని చెబితే ఆ రోజు కూలి పోతుందని అనుకుంటున్నారా?’, ‘బస్సులో మీ పక్క సీటు ఖాళీగా ఉంటోందా?’ వంటివి అడిగాను. ఈసారి సగటు 2.9. బస్సు సంగతి ఫరవాలేదు. జ్వరం ప్రశ్న దగ్గరే అంతా బయటపడింది. కాంట్రాక్టు కార్మికుల్లో ఎక్కువమంది ‘పోతుంది’ అనే రాశారు. ఒళ్లు వెచ్చబడినా మాత్ర వేసుకుని వచ్చేస్తున్నారన్న మాట. గేటు దగ్గర ఎన్నిసార్లు ఉష్ణోగ్రత చూసి ఏం లాభం?

“ఇంతలా పడిపోయిందేమిటమ్మా?” అన్నారు మేనేజరు గారు.

“పడిపోలేదు సార్. అప్పుడు కూడా ఇంతే ఉండి ఉంటుంది. చెప్పుకునే వీలు మనమే ఇవ్వలేదు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత జ్వరం సెలవుకు కూలి కోయకూడదని కాంట్రాక్టరుకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం కోసం నేను నాలుగు రోజులు ఆయన గది చుట్టూ తిరిగాను. అది వేరే సంగతి.

ఒక కాగితం మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను. అంకెలేవీ చుట్టలేదు. వెనకవైపు పెన్సిలుతో ఒకటే వాక్యం: ‘మాది వెంకటాపురం. మన సైరన్ పనిచేస్తుందా?’ అప్పటికి నెలన్నర క్రితమే, మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని ఊరంతా చెప్పుకుంది. నేను వైరస్ భయం ఒక్కటే కొలుస్తూ కూర్చున్నాను.

ఆ కాగితం చదివాక వచ్చిన సోమవారం ఉదయం మా సైరన్ మీట నొక్కి చూశారు. మోగలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు మార్చాక, మధ్యాహ్నం మోగింది.