అంబాసిడర్‌కి ఆయిల్ మార్చిన ఆదివారం

నాన్నగారి 1974 అంబాసిడర్, మార్క్ 2. పోయినేడు ఒక షెడ్డులో "సింథటిక్ వేద్దాం సార్, కొత్త బండిలా పరిగెడుతుంది" అంటే సరేనన్నాను. 5డబ్ల్యూ-30 అనే పలచటి రకం పోశారు. వారం తిరక్కుండా ఇంజిన్ వెనక నుంచి చుక్కలు, వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమినుకు. ఆ 1489 సీసీ ఇంజిన్‌లో క్రాంక్ వెనక ఈనాటి రబ్బరు సీల్ ఉండదు. అరిగిన బేరింగుల సందుల్లో అంత పలచటి నూనె ఏం నిలుస్తుంది?

ఇప్పుడు మళ్లీ చిక్కటి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే. డబ్బా మీద జింక్ సంగతి కూడా చూస్తున్నా, అరుగుదల తగ్గించేది అదే. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా కొత్త ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. వాల్వులను లేపే మన పాత టాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ తిరిగే రకం, వాటికి అది కావాలి.

ఈసారి నేనే మార్చాను. పది నిమిషాలు బండి తిప్పి, వేడి మీద డ్రెయిన్ ప్లగ్ విప్పా. చెయ్యి కాలిందనుకోండి, అది వేరే కథ. ఫిల్టర్ గిన్నె దగ్గరే అసలు పని: పాత రబ్బరు రింగు గాడిలో నల్లగా అతుక్కుపోయి కనబడనే కనబడదు. దాని మీదే కొత్తది పెడితే ఆయిలంతా నేలపాలు. సూదితో పీకడానికి అరగంట పట్టింది.

బండి ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా ఏటా మారుస్తా, నిలిచిన నూనెలో చెమ్మ చేరుతుంది కదా. మర్నాడు పొద్దున కింద అట్టముక్క చూశాను. రెండే చుక్కలు.