జల్లెడ మీద మిగిలినవి

మూడు వారాలుగా కుదరనిది ఇవాళ కుదిరింది. ఎలుక కిడ్నీ బయటి పొరని ఐస్ మీద సన్నగా తరిగి, 180, 150 మైక్రాన్ల జల్లెడల్లోంచి మెల్లగా నెట్టి, చివరి 75 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలింది కడిగి చూశాను. మైక్రోస్కోప్ కింద గ్లోమెరులస్‌లు! చిక్కుపడ్డ నూలు ఉండల్లా, ఒక్కోటీ సన్నటి రక్తనాళాల చుట్ట. మన ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షలుంటాయి, రక్తాన్ని వడపోసేది ఇవే. ఇన్నాళ్లూ గట్టిగా నొక్కేసి చితక్కొట్టాను. మిగిలినవేమో ప్లాస్టిక్ ట్యూబులకి అతుక్కుపోయేవి. ఈసారి అతుక్కోకుండా ట్యూబులన్నీ ముందే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రావణంతో తడిపి పెట్టుకున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. డయాలసిస్‌లో ఉన్న మా పెదనాన్నకి సాయంత్రం ఫొటో పంపాను. చాలాసేపు చూసి, "నాకు పాడైపోయినవి ఇవేనా అమ్మా?" అని అడిగారు.