అనంతపురంలో ఫైబర్‌గ్లాస్ కమ్మితో సంపు కట్టించాను

ఇల్లు కడుతున్నవాళ్లంతా పిల్లర్ల గురించీ స్లాబు గురించీ ఆలోచిస్తారు. నన్ను మాత్రం సంపు వేధించింది. అనంతపురంలో మా స్థలం ఉన్న వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఏళ్ల కిందట కట్టిన ఏ సంపు మూతైనా ఎత్తి టార్చి వేసి చూడండి. పైకప్పు అడుగున పెచ్చులు ఊడిపోయి, పొరలు పొరలుగా లేచిన ఎర్రటి కమ్ములు కనిపిస్తాయి. సంపులో తేమ ఆరే రోజంటూ ఉండదు. పైగా చాలామంది కాంక్రీటును కూడా ఆ ఉప్పునీళ్లతోనే కలిపేస్తారు. ఇనుము తుప్పుగా మారితే రెండు మూడు రెట్లు ఉబ్బుతుంది. లోపల చోటు చాలక కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది.

మా బోరు నీళ్లను పరీక్షకు ఇచ్చాను. క్లోరైడ్లు, అంటే నీళ్లలోని ఉప్పు, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటాయి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కమ్మి వేసే కాంక్రీటుకు కలిపే నీళ్లలో అదే హద్దు. కమ్మి లేని కాంక్రీటుకైతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక, ఉప్పుకు ముందుగా బలయ్యేది లోపలి ఇనుమేనని అర్థమైంది. కాబట్టి మంచినీళ్ల ట్యాంకరు తెప్పించి కాంక్రీటు కలపాలని తేల్చుకున్నాను. కానీ కట్టిన తర్వాత జీవితాంతం సంపులో నిలవుండేది ఆ బోరు నీళ్లే కదా. అప్పుడే ఫైబర్‌గ్లాస్ కమ్మి గురించి వాకబు మొదలుపెట్టాను.

సన్నటి గాజు పోగులను రెజిన్‌లో (గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌లో) ముంచి, కట్టగా లాగి, వేడితో గట్టిపరిస్తే ఈ కమ్మి తయారవుతుంది. తుప్పు అనే మాటే లేదు. తేలిక కూడా. 12 మిల్లీమీటర్ల ఇనుప కమ్మి 12 మీటర్ల పొడవుకు పదిన్నర కిలోలు దాటుతుంది. ఇది మూడు కిలోలు కూడా తూగదు. అమ్మేవాళ్లు ఇక్కడే ఊపందుకుంటారు. "ఇనుముకంటే బలం ఎక్కువ సార్, 12 వేసేచోట 10 వేస్తే చాలు, ఇల్లంతా దీంతోనే కట్టేయండి" అని ఒకాయన నాకు లెక్క కూడా వేసి చూపించాడు.

ఆ లెక్కల కాగితం పట్టుకుని మా స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి, పక్కన పెట్టి, ఒకే ప్రశ్న అడిగారు: "బలం సరే, బిగువు ఎంతో చెప్పాడా?" తెగే బలంలో ఫైబర్‌గ్లాస్ ఇనుమును మించుతుందన్నది నిజమే. అయితే బరువు పడినప్పుడు ఎంత సాగుతుందో చెప్పే అంకె వేరే ఉంది. ఇనుముకు అది 200 గిగాపాస్కల్స్, ఫైబర్‌గ్లాస్‌కు సుమారు 50. అంటే అదే మందం కమ్మి, అదే బరువు మీద నాలుగింతలు సాగుతుంది. స్లాబులో వేస్తే కూలిపోకపోవచ్చు కానీ స్లాబు కిందికి కుంగుతుంది, బీటలు వెడల్పవుతాయి. వాటిని ఆపాలంటే కమ్మి తగ్గించడం కాదు, పెంచాలి. ఒక సైజు తగ్గించుకోమన్న సలహా అక్కడే వీగిపోయింది.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పారు. ఇనుము తెగేముందు సాగి, వంగి, ఇంట్లోవాళ్లకు హెచ్చరిక ఇస్తుంది. ఫైబర్‌గ్లాస్ చివరిదాకా మోసి ఉన్నట్టుండి తెగుతుంది. భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టే పిల్లర్లకూ దూలాలకూ ఆ గుణం పనికిరాదు. రెండోది అగ్ని. వంద డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే రెజిన్ మెత్తబడడం మొదలవుతుంది కాబట్టి మనుషులు ఉండే గది నెత్తిన ఇది వద్దన్నారు. సంపుకు మాత్రం వెంటనే సరేనన్నారు. నేల లోపల ఉంటుంది, నిప్పు భయం లేదు, శత్రువు తుప్పు ఒక్కటే. అయినా బీటల విషయంలో ఆయన పట్టు వదల్లేదు. నీళ్ల తొట్లలో బీట వెడల్పు 0.2 మిల్లీమీటర్లు దాటకూడదని లెక్క. కమ్మి తుప్పు పట్టకపోయినా బీటలోంచి నీళ్లు కారిపోతాయి కదా అని కమ్ములు దగ్గర దగ్గరగా గీశారు.

సరుకు దొరకడం కష్టం కాలేదు, నమ్మదగిన కాగితాలు దొరకడమే కష్టమైంది. ఈ కమ్ములకు మన దేశంలో 2023లో ఐఎస్ 18256 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం చేయించిన పరీక్షల రిపోర్టు ఇవ్వమంటే ఒకరు రంగుల కరపత్రం ఇచ్చారు, ఇంకొకరు ఫోను ఎత్తడం మానేశారు. రిపోర్టు పంపిన వాళ్ల దగ్గరే కొన్నాను. ధర పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఇనుమును కిలోల్లో అమ్ముతారు, దీన్ని మీటర్లలో. కిలోకు లెక్కేస్తే గుండె ఆగుతుంది. మీటరుకు లెక్కేసి, ఇంజినీరు గీసిన మొత్తం పొడవుతో గుణిస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. మాకు ఇనుముకంటే కాస్త ఎక్కువే పడింది.

ఎక్కువ పడడానికి కారణం మూలల వంపులు. ఈ కమ్మిని సైటులో వంచలేరు. ఒకసారి గట్టిపడితే వేడిచేసినా వంగదు, విరుగుతుంది. గోడకూ అడుగుకూ కలిసేచోట కావలసిన ఎల్ ఆకారం ముక్కలన్నీ కొలతలు ఇచ్చి ఫ్యాక్టరీలోనే చేయించాలి. వంపు దగ్గర బలం బాగా తగ్గుతుంది కనుక దాన్నీ డ్రాయింగులో లెక్కపెట్టాలి. వెల్డింగ్ కుదరదు, ఒకదాని మీద ఒకటి ఆనించి కట్టాల్సిందే. గుంత తవ్వకముందే కమ్ముల పట్టిక ఖాయం చేసుకోవడం మన ఊళ్లలో అలవాటు లేని పని. "ముందు తవ్వుదాం, తర్వాత చూసుకుందాం" అనే కాంట్రాక్టరుతో ఇది సాగదు.

లారీ నుంచి సరుకు దిగాక మా పెద్దమేస్త్రీ ఒక కమ్మిని ఒంటిచేత్తో లేపి, "ఏం నాయనా, ఇది కమ్మా చీపురుపుల్లా?" అన్నాడు. కమ్మి కట్టే కుర్రాళ్లు మాత్రం సంబరపడ్డారు, భుజాలు ఒరుసుకుపోవు మరి. ఆ సంబరం కోతలు మొదలయ్యేదాకానే. ఇనుము కోసే కట్టరుతో నలిపితే పోగులు చీలిపోతాయి, అందుకని డైమండ్ బ్లేడు గ్రైండరుతో కోయించాను. లేచే తెల్లటి పొడి చర్మానికి అంటితే ఒకటే దురద. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎండకు రెజిన్ పాడవుతుందని కమ్ముల మీద టార్పాలిన్ కప్పించాను. అనంతపురం ఎండలో ఆ మాట ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు.

కాంక్రీటు పోసేనాడు అసలు విషయం తెలిసింది. ఈ కమ్మి కాంక్రీటుకంటే తేలిక. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ పెట్టగానే అడుగున కట్టిన కమ్ముల జాలీ మెల్లగా పైకి తేలడం మొదలైంది. డ్రాయింగులో "జాలీని కిందికి బిగించాలి" అని ఇంజినీరు రాసిన చిన్న వాక్యం ఎందుకో అప్పుడు మేస్త్రీకి బోధపడింది. పని ఆపించి, కవర్ బ్లాకులకు (కమ్మి కింద ఎడం కోసం పెట్టే దిమ్మెలకు) వేసిన ప్లాస్టిక్ కట్లు మరిన్ని పెంచి, కిందికి బిగించి మళ్లీ మొదలుపెట్టారు. వైబ్రేటర్ సూది కమ్మికి తగిలి పైపొర చెక్కుకుపోకుండా ఒక మనిషిని ప్రత్యేకంగా చూడమన్నాను.

క్యూరింగ్ (కాంక్రీటును తడుపుతూ గట్టిపడనివ్వడం) అయ్యాక, ప్లాస్టరింగ్‌కు ముందే సంపు నింపి, మూత వేసి, గోడ మీద మట్టం గీత గీసి వదిలాం. గీత దగ్గర నీళ్లు కదల్లేదు. ఇంటి స్లాబుకు, పిల్లర్లకు మామూలు ఇనుమే వేయించాను. తేమ తగిలే బాత్‌రూము తలుపులు మాత్రం ఫైబర్‌వి పెట్టించాను, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇలా కట్టించుకునేవాళ్లు కాంక్రీటు పోయకముందు కమ్ముల ఫోటోలు టేపు పెట్టి మరీ తీసుకోండి. రేపు పైపు కోసం గోడకు రంధ్రం వేయాల్సి వస్తే, ఇనుమును పసిగట్టే యంత్రాలకు ఈ కమ్మి దొరకదు. మా ఫోటోలు, డ్రాయింగు, పరీక్ష రిపోర్టు ఇంటి దస్తావేజులతోపాటు ఒకే కవర్లో ఉన్నాయి.