అరకు ఘాట్‌లో పద్మిని మొరాయిస్తే

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా మా పాత ప్రీమియర్ పద్మిని కారు హాయిగానే వచ్చింది. కాశీపట్నం దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక తెలిసింది దాని సంగతి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే నాలుగు కుదుపులిచ్చి నీరసపడిపోతోంది. కాలు తీస్తే మళ్లీ మామూలే.

“కార్బొరేటర్‌లో చెత్త పడింది, విప్పేద్దాం బావా” అన్నాడు మా బావమరిది, అప్పటికే స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని. పాత బండికి ఏ జబ్బు చేసినా మొదటి నింద గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కిచ్చే ఈ కార్బొరేటర్ మీదే. దాన్ని ఆఖర్న ముట్టుకోవాలని నా పట్టుదల. ముందు లోపం ప్లగ్గులకి అందే కరెంటులోనా, పెట్రోలులోనా అన్నది తేలాలి.

టైడా దగ్గర నీడ చూసి ఆపాం. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబెట్టి ఇంజన్ నడుస్తుండగా, ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే ప్లాస్టిక్ పిడి ప్లయర్‌తో తీసి చూశాను. ఏది తీసినా ఇంజన్ ఒకేలా తగ్గింది, అంటే నాలుగు సిలిండర్లూ పనిచేస్తున్నాయి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద చిలుము ఉంటుందని భయపడ్డాను, మన ఉప్పుగాలికి అది మామూలే. లేదు. అందులో కరెంటు కలిపి తెంచే పాయింట్లు కూడా కాలలేదు, కాబట్టి వాటిని కాలకుండా కాపాడే కండెన్సర్‌నీ అనుమానించక్కర్లేదు.

తర్వాత చోక్ సగం లాగి కాస్త ఎక్కించి చూశాను. కుదుపులు తగ్గాయి! చోక్ గాలిని అడ్డుకుని పెట్రోలు పాలు పెంచుతుంది కదా, అంటే ఇంజన్‌కి పెట్రోలు చాలడం లేదు.

ఇంతలో ఒక జీపు డ్రైవరు ఆగాడు. “ఏటి బాబూ, పంపు వేడెక్కిపోనాదేటి? తడిగుడ్డ ఏసి సూడండి.” మంచి మాటే. ట్యాంకులోంచి పెట్రోలు లాగే పంపులో వేడికి అది ఆవిరైతే బండి ఇలాగే మొండికేస్తుంది. గుడ్డ వేశాం, ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చాం. అప్పుడు కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. దమ్ముగా చిమ్మాల్సిన పెట్రోలు బొట్లు బొట్లుగా వచ్చింది. అంటే లోపం కార్బొరేటర్‌కి ముందే ఉంది.

దొంగ దొరికింది ట్యాంకు వైపు రబ్బరు పైపులో. పైకి బాగానే ఉంది, వేలితో నొక్కితే మాత్రం తడిసిన అప్పడంలా అణిగిపోయింది. కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి ఊడొస్తోంది. ఇప్పటి పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాల్‌ని ఆ కాలపు రబ్బరు తట్టుకోలేదు. నిదానంగా వెళ్తే సరిపడా పెట్రోలు వస్తుంది, ఎత్తు మీద పంపు గట్టిగా లాగేసరికి పైపు నొక్కుకుపోతుంది. జీపాయన తన డబ్బాలోంచి కొత్త పైపు ముక్క తీసిచ్చాడు, డబ్బులిస్తే ససేమిరా అన్నాడు.

అనంతగిరి కాఫీ తోటల మధ్య బండి చోక్ లేకుండానే లాగింది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఐడ్లింగ్ కొంచెం తడబడేసరికి బావమరిది మళ్లీ స్క్రూడ్రైవర్ తీశాడు. ఎత్తులో గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతుంది, ఇక్కడ కార్బొరేటర్ స్క్రూ తిప్పితే విశాఖ దిగాక మళ్లీ తిప్పాలి. వద్దన్నాను. ఊరికొచ్చాక పైపులన్నీ, పంపులో ఆడే పల్చటి పొర డయాఫ్రంతో సహా, ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించాను.