కంకుల కుచ్చు కింద ముండక మంత్రం

గోదావరి జిల్లాల్లో సంక్రాంతికే, పిచ్చుకలు తినేందుకు దేవుడి పేరిట కట్టిన వరి కంకుల కుచ్చులు చూరు కింద వేలాడతాయి. నెల్లూరు సీమలో అప్పటికి పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది. పెన్న ఆయకట్టులో, కోవూరు, ఇందుకూరుపేట వైపు, కోతలు జోరందుకునేది మార్చిలో. అందుకే ఇక్కడ కుచ్చుకు అదను ఉగాది. పిచ్చుకలు గూళ్లు కట్టుకునే రోజులూ అవే.

కంకిలో ముప్పాతిక గింజలు పసుపు తిరిగాక, మంచు ఆరకముందే, జానెడు కాడతో కోయాలి. బాగా పండితే అల్లేటప్పుడే గింజ రాలుతుంది. గింజ ఇంకా పాలమీద ఉండగా కోస్తే తాలుగా మిగులుతుంది. నీడన రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే కాడ పెళుసై విరుగుతుంది. ఆరాక, అల్లే ముందు, కాడల్ని తడిగుడ్డలో అరగంట చుట్టి ఉంచితే మెత్తబడతాయి. మూడు కంకులతో జడ మొదలుపెట్టి, మెలికకు ఒక కంకి చొప్పున కలుపుతూ పోవాలి. మూరెడు జడకు అరవై, డెబ్బై కంకులు పడతాయి. దాన్ని గుండ్రంగా చుట్టి, కంకులు కిందికి వాలేలా పురికొసతో కట్టండి. నైలాన్ దారం పిట్ట కాళ్లకు చుట్టుకుంటుంది, వద్దు. మందు పట్టించిన విత్తన ధాన్యం, ఈమధ్యే పురుగుమందు కొట్టిన చేని కంకి అసలే వద్దు. తలకు పైన, పిల్లికి అందనంత ఎత్తులో, గోడకు ఎడంగా, ఫ్యానుకు దూరంగా వేలాడదీయాలి.

కుచ్చు కట్టాక చదువుకోవడానికి ముండకోపనిషత్తు మూడో ముండకంలోని (అంటే మూడో భాగంలోని) మొదటి మంత్రాన్ని మించినది లేదు. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలోనూ ఇది ఉంది.

ద్వా సుపర్ణా సయుజా సఖాయా
సమానం వృక్షం పరిషస్వజాతే ।
తయోరన్యః పిప్పలం స్వాద్వత్త్య-
నశ్నన్నన్యో అభిచాకశీతి ॥

విడిపోని నేస్తాలు రెండు పక్షులు ఒకే చెట్టును పట్టుకుని ఉన్నాయి. ఒకటి పండు తింటోంది. రెండోది తినకుండా చూస్తోంది. చెట్టు శరీరమనీ, తినేది జీవుడనీ, చూసేది ఈశ్వరుడనీ పెద్దలు చెబుతారు. మధ్వాచార్యుల ద్వైత సంప్రదాయం జీవుడూ ఈశ్వరుడూ వేరనడానికి దీన్ని గట్టి ప్రమాణంగా పట్టుకుంది. అయితే ప్రవచనాల్లో తరచు తినే పక్షిని చిన్నబుచ్చుతారు. మంత్రంలో ఆ నింద ఎక్కడా లేదు. తరువాతి మంత్రం కూడా దాన్ని తినడం మానమనదు. అసమర్థతతో దుఃఖిస్తున్న జీవుడు పక్కనున్న ఈశ్వరుణ్ణి చూడగానే శోకం వీడతాడంటుంది. అంటే కావలసింది తల తిప్పడం.

కుచ్చు కింద నిలబడితే ఈ చూపు ఎంత కష్టమో తెలుస్తుంది. పిచ్చుక వాలితే మురిసిపోతాం. రామచిలుక వచ్చి కాడతో సహా తెంపితే చెయ్యి లేస్తుంది. అక్కడితో చూడటం ఆగి, ఎవరికి దక్కాలనే లెక్క మొదలవుతుంది. ఆ చెయ్యిని దించడమే ఈ పూజలో అసలు సాధన. కుచ్చు దేవుడి పేరిట కట్టాక అది మనది కాదు కదా.

పక్కన మట్టి మూకుట్లో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టి రోజూ మార్చండి, లేకుంటే దోమలు పెరుగుతాయి. గింజ నల్లబడినా బూజు వాసన వచ్చినా ఆ కుచ్చు తీసేయాలి. గూట్లో పిల్లలకు మొదట్లో గింజ కాదు, పురుగులే మేత. కాబట్టి పెరటి మొక్కలకు ఆ నెలల్లో మందు కొట్టకండి. గింజలైపోయిన జడను మాత్రం అలాగే ఉంచండి, గూటికి గడ్డిపరకలు పనికొస్తాయి.